చూసి రాసిన సున్నా

1వ రోజు

నేరాల పట్టిక నింపేవాళ్ళు ఏ గడిలో ఏం పెట్టారో, ఎందుకు పెట్టారో పక్కన ఒక పేజీలో రాయాలట. దాన్ని కారణాల పేజీ అంటారు. ఇది అదే. నేను బడి పడవలో నాలుగో తరగతి దాకా చదివాను. తప్పులుంటే మన్నించాలి.

నిన్నటిదాకా ఈ పని మా మావయ్య కొర్లయ్య చేసేవారు. ఆయన ఈ తెప్పల ఊరికి పెద్ద. నెలకోసారి పలక ముందు కూర్చుని "సున్నా" అనేవారు. పలక ఆ మాట విని అన్ని గడుల్లోనూ సున్నాలు వేసుకునేది. పదకొండేళ్ళు అలాగే గడిచాయి. ఇప్పుడు నాలుగు వందల తీరాలకూ కలిపి ఒకటే పట్టిక వచ్చింది. ఇకమీదట నోటితో చెబితే చెల్లదు, ఊరికి ఒకరు చేత్తో రాయాలని కబురు. మావయ్య కళ్ళకి పొర కమ్మింది. మా ఆయనకి అక్షరాలు రావు.

"సున్నా కొట్టడానికేపాటి సదువు గావాల? సిన్నకోడలు కొడతాది," అన్నారు మావయ్య.

నలుగురిలో మాట్లాడాలంటే నాకు గొంతు పెగలదు. ఇది రాసే పని. పైగా పట్టికలో ఎవరి పేర్లూ ఉండవు. అందుకని ఒప్పుకున్నాను.

గడులు తొమ్మిది. దొంగతనానికి ఒకటి, కొట్లాటకి ఒకటి, ఇంట్లో కొట్టడానికి ఒకటి, చంపడానికి ఒకటి, అలాగ. ఆఖరి గడి పేరు "రకం తెలియనివి". మొదటి గడిలో సున్నా వేశాను. వెంటనే పలక అడిగింది: "ఇది చూసి రాసిన సున్నానా, చూడకుండా రాసినదా? చూడనిచో సున్నా వద్దు. గీత పెట్టండి."

మావయ్యకి చదివి వినిపించాను.

"సూడ్డానికేటుందే? ఉంటే నాకు తెల్దేటి?" అని ఆయన వల పని మీద వెళ్ళిపోయారు.

సున్నా చెరిపి గడి ఖాళీగా ఉంచాను. కారణం: ఏది పెట్టాలో తెలియలేదు.

2వ రోజు

రాత్రి మంచు పట్టడానికి కట్టిన మంచు వలలు తెల్లవారుతూనే పిండాలి. ఆలస్యమైతే ఎండ తాగేస్తుంది, ఆ రోజుకి మంచినీళ్ళు ఉండవు. నేనూ మా తోటికోడలు కాసులమ్మక్కా చెరో కొసా పట్టుకుని మెలిపెడతాం. ఇవాళ అక్క కొసని చంకలో ఇరికించుకుని ఒంటిచేత్తో తిప్పింది. ఎడమ చెయ్యి మోచేతి నుంచి కిందకి ఉబ్బిపోయి ఉంది. సగం నీళ్ళు కుండలో పడ్డాయి, సగం దుంగల సందుల్లోంచి సముద్రంలోకి పోయాయి.

"పోన్లేయే, సేపలు తాగుతాయి. ఆటికీ ఉప్పునీళ్ళు తాగి తాగి ఇసుగొచ్చుంటాది," అంది అక్క.

ఆ చెయ్యి అలా ఎందుకుందో నోటితో చెప్పకూడదు. నిన్న మధ్యాహ్నం చిప్ప తాగేశారు. మా ఊళ్ళో ఒకరు ఇంకొకరికి కీడు చేస్తే ఇద్దరూ కూటం తెప్ప మీదకి వస్తారు. మావయ్య ఒక ఆల్చిప్పని విప్పి, రెండు చెక్కల్లోనూ సముద్రపు నీళ్ళు పోస్తారు. చేసినవాళ్ళు ఒక చెక్కలో నీళ్ళు తాగుతారు, పడ్డవాళ్ళు రెండో చెక్కలోవి. ఎవరి చెక్క వాళ్ళు ఇంటికి తీసుకెళ్తారు. ఆ తరవాత ఆ ఇద్దరే కాదు, చూసినవాళ్ళు కూడా దాని ఊసు ఎత్తకూడదు. "సిప్ప తాగినాక మాట నేదు" అంటారు. చేసినవాళ్ళు తమ చెక్కకి చిల్లి పెట్టి గుమ్మానికి వేలాడదీస్తారు, గొడవ తీరిపోయిందని గుర్తుగా. పడ్డవాళ్ళు ఎక్కడో దాచుకుంటారు.

మాట లేదన్నారు. రాత లేదనలేదు. ఆ ఆచారం పెట్టిన రోజుల్లో మావాళ్ళలో రాయడం ఎవరికీ వచ్చినట్టు లేదు. అందుకని రాస్తున్నాను. నీళ్ళ తిత్తి మూతి సరిగా కట్టలేదని మా బావగారు ఎల్లాజీ అక్కని తెడ్డు పిడితో కొట్టారు.

నిన్న ఇంటికి వచ్చాక అక్క తన చెక్కని రేకు డబ్బాలో వేసింది. ఆ చప్పుడు ఖాళీ డబ్బా చప్పుడు కాదు.

5వ రోజు

మా ఆయన కొండరేవులో ఎండుచేపలు దింపి వచ్చాడు. అక్కడ తీర్పు పడవ కట్టి ఉందట. అందులో ఒక జడ్జమ్మ, ఒక నర్సు, ఇద్దరు కాపలావాళ్ళు ఉంటారట.

"మన కాడికెప్పుడూ రాదేటి?" అని అడిగాను.

"సున్నా ఉన్న కాడికెందుకొస్తాది? పనేటి దానికిక్కడ?"

"మరి సున్నా నేకపోతే?"

ఆయన నా వంక చూశాడు. "పైడీ, గాలివాన రోజులొస్తన్నాయి. సున్నా ఊళ్ళకి రేవులో ముందు వరస. కొండ సాటున కట్టుకుంటాం. నువ్వేటన్నా రాసేవనుకో, బయటి వరసకి పోతాం. పిల్లా మేకా ఉన్న తెప్పలు."

"అక్క సెయ్యి సూసినావా?"

"సూసినాను."

"మరి?"

"సిప్ప తాగేసినారు గదే," అన్నాడు. తరవాత చాలాసేపు తల దించుకుని ఒక తాడుకి ముడి విప్పుతూ కూర్చున్నాడు. ఆ తాడుకి ముడి లేదు.

6వ రోజు

పట్టికలన్నీ చేరే ఆఫీసుకి పలక మీదే ఉత్తరం రాశాను. "మా ఊళ్ళో కొన్ని సంగతులు నోటితో చెప్పకూడదు. వాటిని ఎలా లెక్కపెట్టాలి?" అని.

ఎండబెట్టిన చేపలు తిరగేసి వచ్చేసరికి జవాబు వచ్చి ఉంది. అవతల రాసేది తెంబి అనే ఆవిడ, ఎక్కడో రాళ్ళ తీరంలో ఉంటుందట. ఆవిడ భాష వేరు. పలక దాన్ని మన భాషలోకి మారుస్తుంది కాబట్టి బడి పుస్తకంలా ఉంటుంది.

"గౌరవనీయ సోదరీ, మీ ప్రశ్న విలువైనది. పేర్లు అవసరం లేదు. కారణములు అవసరం లేదు. ఎన్ని అనునదే అవసరం. ఎప్పుడు జరిగినను, మీకు తెలిసిన నెలలో రాయవలెను. ప్రతి తీరమునకు తనదైన పద్ధతి ఉన్నది. కొందరు మనుషులను, కొందరు దెబ్బలను, కొందరు తీర్పులను లెక్కించుచున్నారు. అందువలన ఒక తీరమును మరియొక దానితో పోల్చలేకున్నాము. భయపడవద్దు."

మధ్యాహ్నం మా తెప్ప కింద పీపాలకి పట్టిన నత్తగుల్లలు గీకడానికి నీళ్ళలోకి దిగాను. తల మీద గాలికి ఏదో టకటకలాడుతోంది. పైకి చూశాను. బావగారి గది గుమ్మానికి వేలాడుతున్న చిప్పలు.

ఎన్ని అన్నది అక్కడే వేలాడుతోంది. ఎవరూ నోరు తెరవక్కర్లేదు.

8వ రోజు

నిన్నా ఇవాళా బుట్ట పట్టుకుని నలభై తెప్పలూ తిరిగాను. నోరు విప్పలేదు. చూపించడానికి బావగారి గుమ్మం మీది చిప్ప ఒకటి బుట్టలో వేసి ఉంచాను. గుమ్మం ముందు బుట్ట చాచి, పలక మీద పట్టిక ముద్ర చూపించాను. ఎవరి చిప్ప వాళ్ళకి తిరిగి ఇవ్వాలి కదా, అందుకని ఇచ్చిన చిప్ప లోపల బొగ్గుతో తెప్ప నంబరు వేసుకున్నాను.

మసేను తాత అన్నిటికీ వేళాకోళమే. "ఏటే, రేవులో సిప్పలు కొంటన్నారేటి? ఇదిగో, నాయి నాలుగు. మగోడన్నాక ఉంటాయి. తిరిగియ్యాల మరి!" అని గుమ్మం మీదవి తెంపి ఇచ్చాడు. వెనకనుంచి ఆయన పెళ్ళాం వంగి, చెంగులోంచి ఏదో నా బుట్టలోకి జారవిడిచింది. ఆయన చూడలేదు.

పోలమ్మ పిన్ని తలుపు వేసేసుకుంది. నేను పక్క తెప్పకి దాటుతుంటే, "ఒలే అమ్మీ," అని వెనక్కి పిలిచింది. గుడ్డలో చుట్టిన రెండు చిప్పలు పెట్టింది. "గుడ్డ అట్టిపెట్టుకో. మా ఇంట్లో అదొద్దు," అంది.

దానేసు ఒక్కడే ఉంటాడు. ఆయన పెళ్ళాం సన్నమ్మ రెండు వానాకాలాల కిందట తెప్ప మీంచి జారి పోయింది. గుమ్మానికి మూడు చిప్పలున్నాయి. నా ముఖం చూడకుండా మూడూ తీసి ఇచ్చాడు.

ఆఖరున కాసులమ్మక్క. డబ్బాతో సహా ఇచ్చేసింది. "నువ్వు లెక్కెట్టి సెప్పాల. నాకు పది దాకే వొచ్చు. పది అయిపోనాక మళ్ళీ మొదలెడతన్నాను, సరిగ్గా తేల్టం నేదు," అంది.

అక్కవి పదకొండు.

మొత్తం నూట ఇరవై ఒకటి. ఏ చిప్ప ఏ రకం కీడుదో చిప్ప చెప్పదు. కాబట్టి ఆఖరి గడిలో, రకం తెలియనివి అన్న చోట 121 రాశాను. కారణం: చేత్తో లెక్కపెట్టాను. రెండుసార్లు.

11వ రోజు

ఇవాళ రేవు మైకులో పట్టిక చదివారు. మూడు వందల మంది ఉన్న ఊళ్ళో ఒక్క నెలలో నూట ఇరవై ఒకటి. నాలుగు వందల తీరాల్లోనూ మనిషికి ఇన్ని ఉన్న ఊరు ఇంకోటి లేదట. రేవు నుంచి వచ్చిన ప్రతి పడవా ఆ మాట మోసుకొచ్చింది.

కూటం తెప్ప ఒరిగేంతమంది చేరారు. నేను మా వంటసాల తడిక వెనక నిలబడ్డాను.

"లోకంలోకల్లా రౌడీలం మనవేనంట!" అని ఎవరో అరిచారు.

"నాయి నాలుగే గదరా. మిగతాయి ఎవుడియి?" అన్నాడు మసేను తాత. ఎవరూ నవ్వలేదు.

మావయ్య తడిక దగ్గరికి వచ్చి నిలబడ్డారు. ఆయన గొంతు పెంచలేదు. "పదకొండేళ్ళు నాను సున్నా సెప్పినాను. పలక నీ సేతికొచ్చి పదే రోజులు. ఏటే పైడమ్మా ఇది?"

అంతలో పలక మోగింది. తెంబి.

"సోదరీ, మీ సంఖ్య చూసితిని. తప్పక అడుగవలసి ఉన్నది. మీరు లెక్కించినవి జరిగిన ఘటనలా, లేక అందులో ఉన్న మనుషులా?"

అది చదవగానే బుట్ట దగ్గరికి లాక్కున్నాను. ఒక దెబ్బకి రెండు చెక్కలు. కొట్టినవాళ్ళ దగ్గర ఒకటి, పడ్డవాళ్ళ దగ్గర ఒకటి. నేను రెండూ లెక్కపెట్టాను. ఇలాంటి తప్పు మా ఊళ్ళో తప్ప ఇంకెక్కడా ఎవరూ చేయలేరు.

121 చెరిపేశాను. కారణం: నా తప్పు.

12వ రోజు

జతలు కలపాలంటే చోటు కావాలి. పొద్దెక్కాక కూటం తెప్ప మీద చాప పరిచి చిప్పలన్నీ పోశాను. ఒక్కదాన్నే కూర్చున్నాను. మెల్లగా ఊరంతా చుట్టూ చేరింది. ఎవరూ ఏమీ అనలేదు. అనకూడదు కదా.

ఒక ఆల్చిప్ప చెక్క దాని జతతో తప్ప ఇంకోదానితో కలవదు. అంచు అంచుకీ పంటికి పన్ను పట్టినట్టు ఉండాలి. ఒక చెక్క తీసుకుని, ఒక్కొక్కదానికీ ఆనించి చూస్తూ పోయాను. కలిస్తే చిన్న చప్పుడు వస్తుంది. జత కుదిరినప్పుడల్లా లోపల రెండు నంబర్లు కనపడతాయి. ఎక్కువ జతల్లో రెండు నంబర్లూ ఒకటే. ఒకే తెప్ప.

మసేను తాతవి నాలుగూ ఆయన పెళ్ళాం ఇచ్చినవాటితో కలిశాయి. ఆయన మెడ గోక్కుంటూ నిలబడ్డాడు. ఇంటికి మాత్రం పోలేదు.

కాసులమ్మక్కవి ఒక్కొక్కటీ బావగారి చెక్కలతో కలుస్తుంటే వాటిని ఒక వరసలో పెట్టాను. ఆరు. ఏడు. ఎనిమిది. బావగారు జనంలోంచి ముందుకి వచ్చారు. పదకొండోది టక్కుమంది.

"ఏటే, ఆ వరసంతా నాదేనా?" అన్నారు.

నేను తలూపాను.

"మూడో నాలుగో అనుకున్నాను," అన్నారు బావగారు. ఎవరితో అన్నారో తెలియదు. అక్క పక్కకి తిరిగి సముద్రం వంక చూస్తూ ఉంది.

ఎండ తల మీదకి వచ్చేసరికి యాభై తొమ్మిది జతలు అయ్యాయి. మూడు చెక్కలు మిగిలాయి. చాప కింద చూశాను, బుట్ట దులిపాను, మళ్ళీ అన్నిటికీ ఆనించి చూశాను. వాటికి జత లేదు. లోపల నంబరు దానేసు తెప్పది.

ఆ మూడింటి జతలు సన్నమ్మ దగ్గర ఉండాలి. ఆవిడ వాటిని మొలతాడుకి కట్టుకునేదని ఆడవాళ్ళందరికీ తెలుసు. నీళ్ళ కోసం వంగినప్పుడు గలగలమనేవి.

అందరూ ఆ మూడు చెక్కల వంకే చూశారు. దానేసు జనాన్ని తోసుకుంటూ వెళ్ళిపోయాడు. మావయ్య చాప మీద కూర్చుని, వేళ్ళతో ఆ చెక్కల అంచులు తడుముతూ ఉన్నారు. ఆయనకి సరిగా కనపడదు.

యాభై తొమ్మిదీ మూడూ అరవై రెండు. ఆఖరి గడిలో 62 రాశాను.

చంపడం అన్న గడి దగ్గర ఆగాను. సన్నమ్మ జారిందో లేదో నాకు తెలియదు. ఒకటి అని రాయలేను. సున్నా అని కూడా రాయలేను. తెంబిని అడిగాను.

"అట్టి గడిలో గీత పెట్టండి. గీత అనగా చూడలేదు అని అర్థము. కాని తెలిసికొనండి: గీత పెట్టిన చోటికి తీర్పు పడవ చూచుటకు వచ్చును. సంఖ్య కొరకు రాకపోవచ్చును. గీత కొరకు తప్పక వచ్చును. రేవులవారు మా పట్టికను వరుసల కొరకు వాడరాదని అనేకమార్లు రాసితిమి. వారు వినుట లేదు. నిర్ణయము మీది."

గీత పెట్టాను. అడ్డంగా, చిన్నది.

13వ రోజు

మావయ్య పొద్దున్నే వచ్చి నా ఎదురుగా పీట మీద కూర్చున్నారు. పెళ్ళైన రెండేళ్ళలో ఆయన నా ఎదురుగా కూర్చోవడం ఇదే మొదలు.

"నాను సల్లార్చినాననుకున్నాను," అన్నారు. "పతీసారీ. ఇద్దరూ తాగీవోరు, దణ్ణాలెట్టుకునీవోరు, పోయీవోరు. ఇంకేటుంది, తీరిపోనాది అనుకునీవోణ్ణి. అరవై రెండుసార్లు తీరిపోనాదేటే?"

నేను కుండ తోముతూ ఉన్నాను.

"సన్నమ్మకి మూడుసార్లు నాను పోసినాను నీళ్ళు. ఈ సేత్తోనే."

పీట నా వైపు జరుపుకున్నారు. "తుడిసెయ్, పైడమ్మా. గాలివాన పోనాక రాసుకుందువు గాని. ఊరు బయటి వరసకి పోతే ఎంతమంది పోతారో నీకు తెల్దు. నాను సూసినాను. ఒక్క నెల. నా మాటిను."

ఆయన చెప్పింది కూడా నిజమే. అక్క చెయ్యి గుర్తుకు వచ్చింది. ఒక నెల అంటే ముప్పై రోజులు.

"తుడవడానికి వీలు నేదు మావయ్యా," అన్నాను. ఆయనతో అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు.

ఆయన తల పంకించి, గోడ పట్టుకుని లేచి వెళ్ళిపోయారు.

తుడవడానికి వీలుంది. మొన్న నేనే 121 తుడిచాను. మావయ్యకి అబద్ధం చెప్పాను. ఇది కారణాల పేజీ కాబట్టి అది కూడా రాస్తున్నాను.

తెంబి మళ్ళీ ఉత్తరం రాసింది. 62 కింద ఒక చిన్న గమనిక ఉండాలట. లేకపోతే చదివేవాళ్ళు ఇవన్నీ ఒక్క నెలలోనే జరిగాయనుకుంటారు. గమనిక నన్నే రాయమంది, అన్ని భాషల్లోకీ వాళ్ళు మారుస్తారట. ఇలా రాశాను: "ఇవి ఈ నెల జరిగినవి కావు. పదకొండేళ్ళలో జరిగినవి. ఈ నెల అడిగాం."

18వ రోజు

నాలుగు రోజులుగా పేజీ రాయలేదు. గాలివాన వచ్చింది.

రేవులో మాకు బయటి వరస ఇచ్చారు. కొండ చాటు లేదు. ఒక పగలంతా మగవాళ్ళు తాళ్ళు పట్టుకుని, ఆడవాళ్ళం పీపాల మధ్య నీళ్ళు తోడుతూ గడిపాం. ఆరు తెప్పల కప్పులు లేచిపోయాయి. మంచు వలలు సగానికి పైగా చిరిగిపోయాయి. పోలమ్మ పిన్ని మేకలు రెండూ పోయాయి. మనుషులు ఎవరూ పోలేదు. పోయి ఉంటే ఈ పేజీలో ఏం రాసేదాన్నో తెలియదు.

"నీ సిప్పల లెక్క నా కప్పట్టుకుపోనాదే," అంది పక్క తెప్ప ఆవిడ, అందరూ వినేలా. నేను తల దించుకున్నాను. ఆవిడ అన్నది కూడా అబద్ధం కాదు.

మా ఆయన అరచేతులు తాడుకి ఒరుసుకుని తోలు లేచిపోయాయి. నూనె రాస్తున్నాను.

"కోపవా?" అని అడిగాను.

"వానలో అన్నయ్యా నానూ ఒకే తాడట్టుకున్నాం," అన్నాడు. "ఆడు ఏడిసినాడు పైడీ. గాలికి భయపడి గాదు."

22వ రోజు

తీర్పు పడవ వచ్చింది. తెల్లటిది, చిన్నది. ఇంతకాలం భయపడింది దీనికా అనిపించింది.

జడ్జమ్మ పెద్దావిడ, ఆవిడ కూడా మన భాష మనిషే. కూటం తెప్ప మీద మా చాప మీదే కూర్చుంది. సన్నమ్మ సంగతి అడిగింది. ఎవరూ పలకలేదు. చిప్ప తాగేశారు మరి. ఆవిడ గద్దించలేదు. జత లేని మూడు చెక్కలనీ నా బుట్టలోంచి తీసి, దానేసు ముందు వరసగా పెట్టి ఊరుకుంది.

మావయ్య ముందుకి వచ్చి చాప అంచున నిలబడ్డారు. "దానేసూ, సిప్పలో నీళ్ళు పోసినోణ్ణి నాను. మాట నేదన్నదీ నానే. ఇప్పుడు నానే సెప్తన్నాను. మాటాడు," అన్నారు.

దానేసు ఆ చెక్కల వంక చూస్తూనే అన్నాడు. "అది జార్నేదు."

అంతే. కాపలావాళ్ళు పట్టుకోనవసరం లేకుండానే లేచి పడవ ఎక్కాడు.

నర్సు కాసులమ్మక్క చెయ్యి నొక్కి చూసింది. ఎముక ఇది మొదటిసారి విరగడం కాదంది. మూడు చోట్ల విరిగి వంకరగా అతుక్కుందట. బద్దలు పెట్టి కట్టు కట్టింది. బావగారికి ఆరు నెలలు రేవులో తాళ్ళ పని వేశారు. ఆ తరవాత అక్క రమ్మంటేనే తెప్ప మీదకి రావాలి. పడవ ఎక్కేముందు ఆయన అక్క దగ్గర ఆగారు. ఏదో అనబోయారు.

"ఎల్లు," అంది అక్క. "పడవోళ్ళకి ఆలీసం అవతాది."

పడవ కనుమరుగయ్యాక అక్క నా దగ్గరకి వచ్చింది. "ఆ పట్టికలో నానెక్కడున్నాను? సూపించు."

పేర్లు ఉండవని చెప్పాను. 62 చూపించి, ఇందులో పదకొండు నువ్వే అన్నాను. అక్క మంచి చేతి వేలు ఆ అంకె మీద పెట్టింది. వేలి కింద అంకె పూర్తిగా దాగిపోయింది.

"ఇంత సిన్నదేటి?" అంది.

చంపడం గడిలో గీత తీసేసి 1 రాశాను. కారణం: చూశాం.

రెండో నెల, 29వ రోజు

ఈ నెల బుట్ట తీసుకెళ్ళలేదు. ప్రతి గుమ్మం దగ్గరా ఆగి నోటితోనే అడిగాను. మొదటి నాలుగు తెప్పల దగ్గర గొంతు వణికింది. అయిదో తెప్పలో ఏమ్మా జ్వరమా అన్నారు. దొంగతనాలు ఒకటి, పోయింది వల బెండ్లు. కొట్లాటలు రెండు, రెండింట్లోనూ ఉన్నది మసేను తాతే.

పోలమ్మ పిన్ని గుమ్మంలో ఎక్కువసేపు నిలబడ్డాను.

"ఈ నెల ఏటైనా ఉందేటి పిన్నీ?"

"నేదు."

"నిజవేనా?"

"నేదన్నాను గదే. ఉంటే సెప్పనేటి?" అని, తలుపు బార్లా తీసి, "ఉంటే సెప్తాను," అంది.

తెంబి రాసింది, మా గమనిక చదివిన తరవాత పదిహేడు తీరాలవాళ్ళు తమ పాత సున్నాలు చెరిపి గీతలు పెట్టుకున్నారట. ఈ నెల పట్టిక చూడటానికి మునుపటికంటే ఘోరంగా ఉన్నదనీ, తనకి మాత్రం సంతోషంగా ఉన్నదనీ రాసింది. రేవు వరసల సంగతి ఇంకా తేలలేదు.

సాయంత్రానికి ముప్పై తొమ్మిది తెప్పలు అయ్యాయి. ఇంట్లో కొట్టడం అన్న గడిలో సున్నా వేయబోయాను.

"మనింటినడగవేటే?"

వెనక మావయ్య. గుమ్మానికి అవతల, తెప్ప అంచున నిలబడి ఉన్నారు, పరాయి మనిషిలా. నేను పలక పక్కన పెట్టాను.

"అడుగు. నలభైయోది ఇదే గదా."

లేచి గుమ్మంలోకి వెళ్ళాను. చెంగు సరిచేసుకున్నాను. ఇన్ని ఇళ్ళు తిరిగినా ఇంత కష్టంగా అనిపించలేదు.

"ఈ నెల ఈ తెప్ప మీద ఏటైనా ఉందేటి మావయ్యా?"

ఆయన లోపలికి వచ్చి, అక్క ముందు నిలబడి కట్టు ఉన్న చెయ్యిని వేళ్ళతో తడిమి చూశారు. అక్క ఊరుకుంది. మా ఆయన చిరిగిన మంచు వల కుడుతున్నాడు. ఈ నెలంతా రోజూ పొద్దున్నే అక్క కొస పట్టుకుని పిండుతున్నది ఆయనే. మగవాళ్ళు వల పిండరని ఊరు నవ్వుతూనే ఉంది. మావయ్య నా చేతులు కూడా చూపించమన్నారు. చూపించాను. పొరలు కమ్మిన కళ్ళకి బాగా దగ్గరగా పెట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూశారు.

అప్పుడు చెప్పారు. "నేదు."

గడిలో సున్నా వేశాను. పలక ఎప్పటిలాగే అడిగింది, చూసి రాసినదా, చూడకుండా రాసినదా అని.

చూసి రాసినదే.